కుప్పం నుంచి రాని పెండ్లి పత్రికలు

మదనపల్లెలో నేను పనిచేసిన ప్రెస్సుకు పెండ్లి పత్రికల విషయంలో మంచి పేరు ఉండేది. అందులో నా పని కాగితం లెక్క. పెద్ద కాగితాన్ని నిలువుగా కోస్తే ఎన్ని పత్రికలు వస్తాయి, అడ్డంగా కోస్తే ఎన్ని వస్తాయి, అంచుల్లో ఎంత వృథాగా పోతుంది అన్నది కటింగ్ మిషన్ ముట్టకముందే చెప్పాలి. నా చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్క ఎక్కడా ఆగలేదు. బస్సెక్కితే కిటికీ ఊచలు, పెండ్లికి పోతే పందిరి గుంజలు లెక్కపెడుతూ కూర్చుంటాను. విస్తరి మీద మనసు పెట్టమని ఇంట్లో ఇప్పటికీ అంటూనే ఉంటారు.

తొంభైల్లో సీసపు అక్షరాలు మూలకు చేరి, వాటి చోట్లోకి కంప్యూటర్ వచ్చింది. ప్రెస్సులో తక్కిన వాళ్లు దాన్ని అక్షరాలు దిద్దే యంత్రంగా చూశారు. నాకేమో అది నాకన్నా వేగంగా లెక్క చేసే మనిషిలా కనబడింది. కొంచెం అసూయ పడిన మాట నిజం. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు దాని ముందు కూర్చుని, పాత పుస్తకాల అంగడిలో దొరికిన పుస్తకాలు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే కెలికి నేర్చుకున్నాను. అట్లా కాగితం లెక్కతోపాటు కంప్యూటర్ బాగోగులు కూడా నా నెత్తికి వచ్చాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా యజమానికి ఒక ఆలోచన వచ్చింది. పుంగనూరు, కుప్పం పక్క వాళ్లు పత్రికల కోసం మా దాకా రావడం కష్టమైతే, మనమే వాళ్ల దగ్గరికి పోవాలి. రెండు ఊళ్లలోనూ ఒక్కొక్క కంప్యూటర్ పెట్టించాడు. మా ప్రెస్సులో ఉన్న కంప్యూటర్ను సర్వర్‌గా చేశాము. ఆ ఊళ్లలో కూర్చున్న వాళ్లు ఫోన్ లైను మీద మా కంప్యూటర్‌తో కలిసి, తెర మీద కనిపించే పేజీలో పెండ్లి వివరాలు కొట్టి పంపితే, ఇక్కడ మేము అచ్చు వేసి బస్సులో పంపేవాళ్లం.

వెబ్ సర్వర్ అంటే ఏమిటని మా యజమాని అడిగినప్పుడు, వాకిట్లో కూర్చోబెట్టిన గుమస్తా అని చెప్పాను. వచ్చినవాళ్లు ఇచ్చింది తీసుకుని లోపల పెడతాడు, అడిగింది తెచ్చి ఇస్తాడు. ఈ గుమస్తా మాకు బెంగళూరు నుంచి వచ్చాడు. అక్కడ కంప్యూటర్లు అమ్మే ఒక ముళబాగిలు వాసి సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్ అది. పేజీలో మొదటి గడి ‘ఆర్డరు పేరు’. అందులో ఏ పేరు కొడితే ఆ పేరుతో మా కంప్యూటర్లో ఒక ఫైలు తయారవుతుంది. మిగతా గడుల్లోని వరుడు, వధువు, ముహూర్తం, విందు అన్నీ ఆ ఫైల్లోకి చేరతాయి. ఇది రెండు ఊళ్లలో బాగా నడిస్తే, ఆ పేజీని ఇంటర్నెట్లో పెట్టి, బెంగళూరులో ఉండే మన వాళ్లు కూడా ఇంట్లో కూర్చుని ఆర్డరు ఇచ్చేటట్టు చేయాలని యజమాని ఉబలాటం.

పుంగనూరులో రబ్బరు స్టాంపులు చేసే ఒక భాయ్ ఆ పని ఒప్పుకున్నాడు. కుప్పంలో రైల్వే స్టేషన్ దారిలో ఎస్‌టీడీ బూతు నడిపే ఒక అక్క ఒప్పుకుంది. సెల్‌ఫోన్లు వస్తున్న కాలం. బూతుకు మనుషులు తగ్గుతున్నారు. ఆ కంప్యూటర్ వచ్చినాక పగలంతా అంగట్లో మళ్లీ మాటలు వినిపిస్తున్నాయని అక్క సంబరపడింది. నేను కుప్పం పోయి, పక్కన కూర్చుని, మొదటి రెండు ఆర్డర్లు నా చేత్తోనే కొట్టి చూపించాను. రెండూ చక్కగా వచ్చాయి.

ఆ తరువాత కుప్పం నుంచి ఒక్కటీ రాలేదు.

అక్క పంపాను అంటుంది. పంపిన ప్రతిసారీ ‘మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు’ అని తెర మీద పడిందంటుంది. మా దగ్గర మాత్రం ఫైలు లేదు. పుంగనూరు భాయ్ పంపినవి మాత్రం గుక్క తిప్పుకోకుండా వస్తున్నాయి. ఆయన ప్రతి ఆర్డరు పేరుకూ ముందు, అల్లా పేరుకు గుర్తుగా, 786 అని కొట్టేవాడు. కంప్యూటర్ పేర్లను వరస పెట్టేటప్పుడు అంకెలను అక్షరాలకన్నా ముందు పెడుతుంది. కాబట్టి పొద్దున తెరవగానే మా ఊరి వాటికన్నా పుంగనూరు పెండ్లిళ్లే పైన ఉండేవి, అవే ముందు అచ్చయ్యేవి.

ఒక రోజు అక్కకు ఫోన్ చేసి, ఏం కొడుతున్నదీ అక్షరం అక్షరం చదివించాను. ఆమె చదివింది చదివినట్టు ఇక్కడ నేను కొట్టి పంపాను. ఫైలు తయారైంది. ఆమె అదే అక్కడ కొట్టి పంపింది. రాలేదు.

యజమాని నా వెనకే నిలబడి ఉన్నాడు.

“నువ్వు కొడితే వస్తాది, ఆయమ్మ కొడితే రాదు. యంత్రం మనిషిని బట్టి మర్యాద ఇస్తాదా? ఆయమ్మకు చేతకాలేదు, అంతే.”

“అట్ల కాదన్నా, ఒకసారి పోయి చూసొస్తా.”

“పో. పొయ్యేటప్పుడు ఆ అట్టపెట్టె తీసకపో. కంప్యూటర్ దాంట్లో పెట్టుకొని వచ్చేయ్. పలమనేరులో పెడదాం. ముహూర్తాలు మన కోసం ఆగవు.”

ఆ విధంగా, ఒక మనిషి జీవనాధారాన్ని ఎత్తుకురావడానికి ఖాళీ అట్టపెట్టెతో బస్సెక్కాను. కండక్టర్ దాన్ని పైకీ కిందికీ చూశాడు.

“లోపల ఏముండాది?”

“ఏమీ లేదప్పా.”

“ఏమీ లేనిదాన్ని యాడికి తీసకపోతాండావు?”

“తిరిగొచ్చేటప్పుడు ఉంటాది.”

“అయితే తిరిగొచ్చేటప్పుడే టికెట్ కొడతా పో” అని నవ్వి, దాన్ని డ్రైవర్ వెనక పెట్టించాడు.

పుంగనూరులో దిగి భాయ్ అంగడికి పోయాను. ఆయన చేతుల నిండా స్టాంపు సిరా. టీ తెప్పించి, నా పెట్టె వంక చూడగానే సంగతి గ్రహించాడు.

“అరే, ఆ అక్కది తీసేస్తారా? ఆమె నాకన్నా బాగా కొడతాది. నాకు ఇప్పటికీ రెండు వేళ్లే. ఏదన్నా తెలీకపోతే నేనే ఆమెకు ఫోన్ చేసి అడుగుతా. తప్పు ఆమెది కాదప్పా, నీ మిషన్ను సూడు.”

“మిషన్ నీవన్నీ తీసుకుంటాండాది కదా భాయ్?”

“నా వాటికి ముందు నడిచేది 786. బర్కత్, దేవుడి చలువ” అని కాలర్ ఎగరేశాడు.

నవ్వుకున్నానే గానీ, ఆయన నా చేతికిచ్చిన తాళం చెవి అదేనని అప్పుడు తోచలేదు.

పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బూతులో అక్కతో పాటు ఒక పెద్దాయన బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“రాప్పా” అంది అక్క. ఆమె కళ్లు నా మొహం మీద కాదు, అట్టపెట్టె మీద ఉన్నాయి. “తీసకపోయేదానికి వచ్చినావా?”

“చూసేదానికి వచ్చినానక్కా.”

“చూసేదానికి పెట్టె యాల?”

నేను పెట్టెను బెంచీ పక్కన దించాను. పెద్దాయన అందుకున్నాడు. “ప్రెస్సాయప్పనా? బాగుండాది మీ కంప్యూటరు. నా కూతురికి పెండ్లని నాకూ నా పెండ్లానికీ తప్ప ఇంకెవరికీ తెలీదు. నా పత్రిక మదనపల్లెకు పోయేదాకా నేను ఈ బెంచీ దిగను.”

“పొద్దున నుంచి ఇట్లనే కూసోనుండాడు” అంది అక్క. “మూడు టీలు అయినాయి.”

“నాలుగు” అన్నాడు పెద్దాయన. లెక్క విషయంలో ఆయన నా జాతి మనిషే.

“అక్కా, నేను లేననుకో. రోజూ ఎట్ల కొడతావో అట్లనే కొట్టి పంపు. నేను మాట్లాడను.”

ఆమె కుర్చీ సర్దుకుంది. చీర కొంగుతో కీబోర్డును ఒకసారి తుడిచింది. ఎడమ చేత్తో షిఫ్ట్ నొక్కి పట్టి, కుడి చేత్తో ఎంటర్ పైనున్న మీటను రెండుసార్లు కొట్టింది. రెండు నిలువు గీతలు పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టింది. మళ్లీ రెండు నిలువు గీతలు. ఆ తరువాత పెద్దాయన ఊరి పేరు, పెండ్లి అన్న మాట.

నిలువు గీతల నడుమ శ్రీ. మా ప్రెస్సులో పత్రికలన్నిటికీ నెత్తిన ఉండేదే.

“అక్కా, ఇదేంది?”

“ఏది?”

“ఈ గీతలు, శ్రీ. ఫోన్లో చదివినప్పుడు ఇది చెప్పనే లేదే!”

ఆమె నన్ను తలకాయ తిరిగినవాణ్ని చూసినట్టు చూసింది.

“చెప్పేదానికి దాంట్లో ఏముంది? నేను ఏం కొడతాండానో చదవమంటివి, చదివినా. శ్రీ కొట్టేది కాదప్పా, మొదలుపెట్టేది. పెండ్లి పని శ్రీ లేకుండా ఎవురన్నా మొదలుపెడతారా? దీపం ముట్టించినానని నీకు ఫోన్లో చెప్తినా?”

“గీతల మీట నీకెవరు చూపించినారు?”

“ఎవురూ చూపించలే. నువ్వే చూపించకుండా పోతివి. రెండు దినాలు వెతుక్కుంటి” అంది, కొంచెం గర్వంగా.

పంపమన్నాను. ‘మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు’ అని పడింది. పక్క లైన్లో మదనపల్లెకు ఫోన్ చేస్తే, ఏమీ రాలేదన్నారు. నేను ఆమె కుర్చీలో కూర్చుని, గీతలు లేకుండా ‘పరీక్ష’ అని కొట్టి పంపాను. వచ్చిందన్నారు. అదే మాటకు ముందు గీతలూ శ్రీ పెట్టి పంపాను. రాలేదన్నారు. మళ్లీ మార్చి మార్చి పంపినా అంతే. లెక్క కుదిరింది. తప్పు వేళ్లది కాదు, గీతలది. ఆ గీతలను మా కంప్యూటర్ ఏమనుకుంటోంది?

అది భోజనాల వేళ చదివిన పుస్తకాల్లో ఉంది. మా సర్వర్ ఉన్న కంప్యూటర్కు ఆజ్ఞలు ఇచ్చేటప్పుడు, రెండు నిలువు గీతలు పెడితే ‘ముందు చెప్పింది కుదరకపోతే ఇప్పుడు చెప్పేది చెయ్యి’ అని అర్థం. మా గుమస్తా ఆర్డరు పేరును చూసుకోకుండా, తూచకుండా, ఫైలు తయారుచేసే ఆజ్ఞలో అట్లాగే అతికించి లోపలికి పంపిస్తున్నాడు. గీతలకు ముందు పేరేమీ లేదు గనక ఫైలు తయారుకావడం కుదరడం లేదు, అందుకని కంప్యూటర్ ఆ సంగతి వదిలేసి, ‘శ్రీ’ అనే ఆజ్ఞ ఏదో వెతకడం మొదలుపెడుతోంది. అట్లాంటి ఆజ్ఞ ఏదీ లేదు గనక ఊరుకుంటోంది. వాకిట్లో గుమస్తా మాత్రం లోపల ఏం జరిగిందో చూడకుండా ధన్యవాదాలు చెప్పేస్తున్నాడు. భాయ్ 786లో గీతలు లేవు, వట్టి అంకెలు. అందుకే ఆయనవి హాయిగా పోతున్నాయి.

ఇదంతా నా ఊహ. ఊహను లెక్కలోకి తీసుకోవడం నాకు అలవాటు లేదు. అందుకని గీతల నడుమ శ్రీ తీసేసి, ఆ కంప్యూటర్కు నిజంగా తెలిసిన ఒక ఆజ్ఞ పెట్టాను. తేదీ చెప్పమనే ఆజ్ఞ. ఇంగ్లీషులో ‘డేట్’. పంపాను.

తెర మీద ధన్యవాదాలకు పైన, ఆనాటి తేదీ, దాని పక్కన టైము వచ్చి కూర్చున్నాయి.

ముగ్గురం తెర చూశాము. పెద్దాయన తన చేతి గడియారం చూసుకుని పెదవి విరిచాడు.

“ఇంతేనా? అదీ తప్పే. గంట తక్కువ చెప్తాండాది.”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ప్రెస్సు కంప్యూటర్ గడియారం ఎప్పుడూ గంట వెనక నడుస్తుంది. ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఆ గంట తక్కువను చూసినాకే నాకు పూర్తి నమ్మకం కుదిరింది. జవాబు చెప్పింది ఈ కంప్యూటర్ కాదు. కుప్పంలో పేరు రాసే గడిలో ఒక మాట కొడితే, మదనపల్లెలో మా యంత్రం లేచి ఆ పని చేసింది.

అక్క మెల్లగా అడిగింది. “ఏం చెప్పినా చేస్తాదా?”

“దానికి తెలిసిన పని ఏం చెప్పినా చేస్తాది.”

“చెరిపేయమంటే?”

“చెరిపేస్తాది.”

“అయ్యో దేవుడా! మూడూర్ల పెండ్లిళ్లు దాంట్లోనే ఉండాయి కదప్పా!”

“ఇంకేం” అన్నాడు పెద్దాయన, “పొద్దున నుంచి ఈడ కూసున్నోణ్ని, నాకీ సంగతి ముందే తెలిసుంటే ఏం చేసుందునో!”

ముగ్గురం ఒకేసారి నవ్వాము. నవ్వుతుండగానే నాకు ఇంకో సంగతి తట్టింది. ఈ పేజీనే కదా మా యజమాని వచ్చే వారం ఇంటర్నెట్లో పెట్టాలనుకుంటున్నది! అప్పుడు ఆ గడిలో రాయడానికి కుప్పం దాకా రావలసిన పని లేదు, శ్రీ పెట్టే మనిషే కానక్కరలేదు.

ఫోన్ తీసి యజమానితో మాట్లాడాను.

“పెట్టెలో పెట్టినావా?” అదీ ఆయన మొదటి మాట.

“లేదన్నా. ఆ పేజీ ఇంటర్నెట్లో పెట్టొద్దు. మన వాకిలికి గడియ లేదు. ఎవరైనా రావచ్చు, ఏదైనా చెయ్యొచ్చు. ఈ అక్క శ్రీ పెట్టబట్టి తెలిసింది, లేకుంటే మనం మునిగిపోయేవాళ్లం.”

ఆయనకు నమ్మకం కుదరలేదు. నేను లైన్లో ఉండగానే అక్క చేత మళ్లీ తేదీ ఆజ్ఞ కొట్టించి, వచ్చిన టైము చదివి వినిపించాను. ఆయన ముందున్న తెరలో మూలన కూడా అదే తప్పు టైము. ఆయన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

“ఆయమ్మకు ఫోన్ ఇయ్యి.”

అక్క వింది. “ఊ”, “ఊ”, “అట్లనే” అని మూడు మాటలు అంది. ఫోన్ పెట్టేసి, నా అట్టపెట్టెను కాలితో బెంచీ కిందికి తోసింది. “ఇది ఈడనే ఉండనీ. శాంపిల్ పత్రికలు పెట్టుకుంటా.”

పెద్దాయన పత్రిక సంగతి మాత్రం యంత్రాల మీద వదల్లేదు. మదనపల్లెకు నోటితోనే చెప్పి రాయించాను, శ్రీతో మొదలుపెట్టి. ఆయన తలపాగా చుట్టుకుని బెంచీ దిగాడు.

తిరిగొచ్చే బస్సులో అదే కండక్టర్. “పెట్టె యాడప్పా?” అన్నాడు. “దానికి ఈడనే పని దొరికింది” అన్నాను. టికెట్ పోయిందని ఆయనేమీ బాధపడలేదు.

మరునాడు బెంగళూరుకు ఫోన్ చేశాను. సాఫ్ట్‌వేర్ రాసినాయన మొత్తం విని, గట్టిగా నవ్వి, ఆ తరువాత నిజాయితీగా చెప్పాడు.

“పేరు రాయమని గడి పెడితే ఎవరైనా పేరే రాస్తారనుకున్నానండీ. ఇది మీ ఒక్కరిది కాదు, నేను ఇచ్చిన చోటల్లా మార్చాలి.”

ఇద్దరం ఫోన్ మీదే దానికి మొదటి వైద్యం చేశాము. ఆ గడిలో అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేం వచ్చినా లోపలికి పోనివ్వకూడదు, తిప్పి పంపాలి. పొద్దున ఆ మార్పు పెట్టాను. మధ్యాహ్నానికల్లా కుప్పం నుంచి ఫోన్.

“ఏమప్పా, శ్రీ కొడితే ‘తప్పు, మళ్లీ రాయండి’ అంటాండాది నీ యంత్రం! శ్రీ తప్పా?”

“శ్రీ కాదక్కా, గీతలు. గీతలు లేకుండా వట్టి శ్రీ కొట్టు, పోతాది.”

“బోడి శ్రీనా? పుంగనూరు భాయ్ 786ను మాత్రం పోనిస్తాండాది కదా? ఆయప్ప దేవుడికి వాకిలి తెరిచి, నా దేవుణ్ని గడప అవతల నిలబెడతావా?”

పక్షపాతం నాది కాదు, అంకెలకూ గీతలకూ ఉన్న తేడా అని చెప్పబోయాను. వినే మనిషి కాదు. ఆలోచిస్తే ఆమె మాటలోనూ న్యాయం కనబడింది. వచ్చిన మనిషి ఏ గుర్తుతో పని మొదలుపెట్టాలో చెప్పడానికి మా గుమస్తా ఎవరు? గుర్తు చూసి భయపడుతున్నామంటే, ఇంకా దాన్ని ఆజ్ఞగా చదివే అలవాటు మాలోనే మిగిలి ఉందన్న మాట.

అప్పుడు నాకు అలవాటైన దారిలోకి వచ్చాను. ఫైలుకు ఆర్డరు పేరు పెట్టడమే ఎందుకు? వచ్చిన ఆర్డరుకల్లా కంప్యూటరే వరస సంఖ్య ఇచ్చుకుంటుంది, ఆ సంఖ్యే ఫైలు పేరు. గడిలో మనిషి రాసింది ఏదైనా సరే, ఆజ్ఞ దరిదాపులకు పోకుండా, రాతగానే ఫైల్లోకి చేరుతుంది. బెంగళూరాయనకు చెబితే, ఇది ముందుదానికన్నా మేలని, వచ్చే మాటలను ఇంకో నాలుగు చోట్ల కూడా తూచి చూడాలని చెప్పి, వారమంతా నాతో ఫోన్లో కూర్చుని దాన్ని సరిచేయించాడు. లోపల ఫైలు నిజంగా తయారైతేనే ధన్యవాదాలు చెప్పేటట్టు కూడా మార్చాము.

కుప్పం నుంచి మొదటి ఆర్డరు గీతలతో, శ్రీతో, నిండుగా వచ్చి దిగింది. ఇప్పుడు వరస సంఖ్యలు గనక పుంగనూరు ఆర్డర్లు నెత్తిన కూర్చోవడం ఆగిపోయింది. “బర్కత్ తీసేసినావు కదప్పా” అని భాయ్ చాలా రోజులు దెప్పాడు. అయినా 786 కొట్టడం మానలేదు.

మా పేజీ ఇంటర్నెట్లోకి ఆలస్యంగా పోయింది గానీ గడియ పెట్టుకునే పోయింది. పలమనేరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అక్క మాత్రం మా మాట మీద నమ్మకం పెట్టుకుని ఊరుకోలేదు. రోజూ బూతు తెరవగానే దీపం ముట్టించి, గీతలు కొట్టి, నడుమ తేదీ అడిగే ఆజ్ఞ కొట్టి పంపేది. గుమస్తా ఈరోజు కూడా మాట విన్నాడా, మెలకువగా ఉన్నాడా అని చూసుకోవడం. యంత్రం తేదీ చెప్పేది కాదు. ఆ మాటను మాటగానే తీసుకుని, సంఖ్య వేసి, ఒక ఆర్డరుగా లోపల పెట్టేది. అది కనబడగానే కుప్పం అంగడి తెరిచారని మాకు తెలిసిపోయేది.

యజమానికి ఈ సంగతి చెప్పడం మరిచాను. ఒక పొద్దున ఆయన తెర ముందు కూర్చుని, కళ్లద్దాలు పైకి నెట్టి, నన్ను కేకేశాడు.

“ఏమప్పా, కుప్పంలో ఈ డేట్ అనేవాడెవడు? దినామూ పెండ్లి చేసుకుంటాండాడే!”